కణంలో పొటాషియం అతుక్కుని ఉంటుందా, తిరుగుతుందా?

తిరుపతిలో డిగ్రీ జువాలజీ చదువుతున్నా. కణం లోపల పొటాషియం సుమారు 140 మిల్లీమోలార్ (గాఢతను కొలిచే ప్రమాణం), బయట 4 లేదా 5. సోడియం ఇందుకు తలకిందులు. ఒక్కో ఏటీపీకి (కణానికి శక్తినిచ్చే అణువు) 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగే, కణపు పొరలో ఉండే పంపు వల్లే ఇదంతా అని క్లాసులో చెప్పారు. దాని ఎంజైమును 1957లో ప్రకటించిన డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌకు 1997లో నోబెల్ కూడా వచ్చింది. బాగుంది.

కానీ హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఈ పంపు సిద్ధాంతాన్ని కాదన్న శాస్త్రవేత్త గిల్బర్ట్ లింగ్ పక్షం. పంపే అక్కర్లేదట, పొటాషియం ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుందట, కణంలోది మామూలు నీరే కాదట! (వాదనకు దిగితే టిఫిన్ కూడా మరిచిపోతాడు.)

మరి 1953లో హాడ్జ్‌కిన్, కీన్స్ అనే శాస్త్రవేత్తలు కొలిచినప్పుడు కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి నరతంతువులో పొటాషియం మామూలు ద్రావణంలో లాగానే దాదాపు స్వేచ్ఛగా కదిలింది కదా? అతుక్కున్నది అలా ఎట్లా కదులుతుంది? దీనికి లింగ్ పక్షం వాళ్ల జవాబేమిటి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి సార్.