సంతలో ‘ఆధార్ చూపించు’ అనడం సరదానా?

మల్కన్‌గిరి తెలుగోడు: ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలోని మన కలిమెల సంతలో చేపలమ్మే బెంగాలీ ఆయన్ని ఒకతను బేరం మధ్యలో “ముందు ఆధార్ చూపించు” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయన తల ఎత్తకుండా చేప కోసి ఇచ్చాడు. వలస వచ్చినవాళ్ళ మీద ద్వేషం ఇలాగే మామూలైపోతుందని నేనంటాను. మీరేమంటారు?

మోటు బాబాయ్: దొంగచాటుగా దేశంలోకి వచ్చినవాళ్ళని అడగొద్దా? పనులు పోయేది మన కుర్రాళ్ళకే. ప్రతిదానికీ ద్వేషం అంటే ఇక మాట్లాడేదెలా?

మల్కన్‌గిరి తెలుగోడు: అడగాలి బాబాయ్, కాని అడగాల్సింది అధికారి, చేపలు కొనేవాడు కాదు. ఆయన తప్పు చేశాడని ఎవరూ అనలేదు, యాస విని అడిగారు, అంతే. మన ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) నంబర్ల ఊళ్ళు 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ప్రభుత్వమే తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు భూమిచ్చి కట్టించినవి, వాళ్ళ మనవలు ఇక్కడే పుట్టారు. భూముల విషయంలో ఇక్కడి ఆదివాసీలు కోయవాళ్ళ బాధ నిజమే, దాన్ని రికార్డులు ముందు పెట్టుకుని తేల్చాలి. అంతేగాని ఒకడి మీద కోపం వస్తే బెంగాలీ మాట్లాడే ప్రతివాడూ చొరబాటుదారైపోతే ఎలా? 2025 జూలైలో మన ఒడిశాలోనే, ఝార్సుగుడలో వందల మంది బెంగాలీ కూలీలను బంగ్లాదేశీలన్న అనుమానంతో పట్టుకెళ్ళారు, కాగితాలు చూశాక చాలామందిని వదిలేశారు. అనుమానించిన వార్త మన ఫోన్లన్నిటికీ వచ్చింది, వదిలేసిన వార్త ఎంతమందికి వచ్చింది?

మనమూ ఒకప్పుడు ఆ వరసలో నిలబడ్డవాళ్ళమే. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళిన మన కూలీలు 1930 మేలో రేవులో సమ్మె చేస్తే కంపెనీలు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తేలగానే వాళ్ళను పొమ్మన్నాయి. దాంతో ఇద్దరి మధ్యా కొట్లాటలు రేగాయి. రెండు పక్కలవాళ్ళతోనూ ఆడుకున్నది కంపెనీలు, వీధుల్లో చచ్చింది వందకు పైగా మనుషులు, ఎక్కువమంది మనవాళ్ళే. 1960లలో బొంబాయిలో బాల్ ఠాక్రే నడిపిన మార్మిక్ అనే వారపత్రిక, అక్కడి ఆఫీసుల్లో పనిచేసే దక్షిణాది వాళ్ళ పేర్లను జాబితాలుగా అచ్చేసింది. అందులో తిట్టు ఒక్కటీ అక్కర్లేదు, పేర్ల వరస చాలు, చదివినవాడి కళ్ళకు పక్క సీటువాడే శత్రువైపోతాడు. 1966లో ఆ ఠాక్రే పెట్టిన శివసేన పుట్టాక ఉడిపి హోటళ్ళ మీద రాళ్ళు పడ్డాయి.

పనుల సంగతి అన్నారు కదా, తక్కువ కూలికి మనుషుల్ని దింపే కాంట్రాక్టరు మీద మన గ్రూపులో ఒక్క పోస్టైనా పడిందా?

మోటు బాబాయ్: కాంట్రాక్టరు మాట ఒప్పుకుంటా. ఆధార్ మాట మాత్రం ఒప్పుకోను.

మల్కన్‌గిరి తెలుగోడు: సరే బాబాయ్, అయితే సంతలో అందరినీ అడగమనండి, మీతో మొదలుపెట్టి.