వెబ్ నుంచి కాపీ చేస్తే రంగులు, ఫాంట్లు కూడా వచ్చేస్తున్నాయి, ఎలా వదిలించుకోవాలి?

మారతహళ్లి_అక్క:
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం కలిసి ఉగాదికి చిన్న సంచిక వేస్తున్నాం, పేజీలు పెట్టే పని నా నెత్తిన పడింది. కొందరు వర్డ్ ఫైళ్లు పంపుతున్నారు, మిగతావాళ్లు తమ సైట్ల లింకులు పంపి ఊరుకుంటున్నారు. అక్కణ్ణుంచి కాపీ చేసి వర్డ్‌లో వేస్తే బూడిదరంగు బ్యాక్‌గ్రౌండు, నీలం లింకులు, పేరాకో సైజు అక్షరాలు, అన్నీ వెంటబడి వస్తున్నాయి. నోట్‌ప్యాడ్‌లో వేసి మళ్లీ తీస్తే శుభ్రంగానే ఉంటోంది గానీ బోల్డ్, ఇటాలిక్ కూడా పోతున్నాయి. అవెన్యూ రోడ్డు ప్రెస్సుకి శుక్రవారంలోగా ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
నోట్‌ప్యాడ్ దాకా ఎందుకండీ, కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి. ఇప్పటి మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లోనూ, గూగుల్ డాక్స్‌లోనూ ఉత్త అక్షరాలే పడతాయి. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే ఆల్ట్ కూడా కలపాలి. పాత వర్డ్‌లో మాత్రం అదే షార్ట్‌కట్ ఇంకో పని చేస్తుంది, అక్కడ మామూలుగా పేస్ట్ చేసి, వెంటనే కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలి, టి కొట్టండి.

ప్రూఫుల_పంతులు:
ఆవిడ బోల్డ్, ఇటాలిక్ కావాలంటున్నారు కదా, పైన చెప్పినదాంతో అవీ పోతాయి. అక్కా, పేస్ట్ చేయగానే పక్కన వచ్చే చిన్న బొమ్మలో ‘మెర్జ్ ఫార్మాటింగ్’ ఎంచుకోండి. ఫాంటు, సైజు మీ పేజీవి తీసుకుంటుంది, బోల్డ్, ఇటాలిక్ ఉంచుతుంది. ప్రతిసారీ నొక్కే ఓపిక లేకపోతే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘పేస్టింగ్ ఫ్రమ్ అదర్ ప్రోగ్రామ్స్’ దగ్గర అదే పెట్టేయండి. ఇంకో తలనొప్పి ఉంది, ఏ పేస్టూ తీయలేనిది. కొన్ని సైట్లలో పేరాలు విడగొట్టకుండా వరుస మాత్రం తెంపుతారు, జస్టిఫై చేస్తే (రెండు అంచులూ సమం చేస్తే) ఆ వరుసల్లో మాటలు ఎడంగా సాగిపోతాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ^ఎల్ బదులు ^పి పెట్టండి (అక్షరాలు ఇంగ్లిష్‌లో, చిన్నవి). పద్యాల మీద ఆ పని చేయొద్దు, పాదానికో పేరా అయి మధ్యలో ఖాళీలు వస్తాయి.

మారతహళ్లి_అక్క:
మెర్జ్ పని చేసింది, చాలా థాంక్స్! కానీ ఒక పెద్దాయన పంపిన వర్డ్ ఫైలు తెరిస్తే బాగానే కనిపిస్తోంది, నా పేజీలో వేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తోంది. ఇదేంటి?

డీటీపీ_బాబాయ్:
అది అను ఫాంట్లలో కొట్టిన మేటరమ్మా. యూనికోడ్ (ఏ తెలుగు ఫాంటులో పెట్టినా తెలుగుగానే ఉండే పద్ధతి) కాదు, లోపల ఉన్నవి ఆ గుర్తులే, ఫాంటు ఉన్నంతసేపే తెలుగులా కనిపిస్తాయి, ఫార్మాటింగ్ తీసేస్తే ఫాంటూ పోతుంది కాబట్టి అసలు రూపం బయటపడుతుంది. ముందు అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ వచ్చినదాన్ని పేస్ట్ చెయ్యి. వత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ప్రెస్సుకి పంపేముందు ఆ పెద్దాయన చేతే ఒకసారి చదివించు.