అప్‌డేట్: ఆక్సిటోసిన్ రీడింగులు ఎందుకంత ఎక్కువ వచ్చాయో తెలిసింది

పాత రేడియోఇమ్యునోఅస్సే (రేడియోధార్మిక గుర్తుతో హార్మోన్‌ని కొలిచే పద్ధతి) పేపర్లలో మామూలు మనిషి ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగం) ఆక్సిటోసిన్ హార్మోన్ మిల్లీలీటరుకు 10 పికోగ్రాముల లోపే ఉంటే నా ఎలైజాలో (యాంటీబాడీతో, రంగు మార్పు చూసి కొలిచే పరీక్ష) 300 దాటుతోందేమిటని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు అన్నట్టు ఎక్స్‌ట్రాక్షన్ (కొలిచే ముందు ప్లాస్మాలోంచి హార్మోన్‌ని వేరుచేయడం) చేయకపోవడమే తప్పు. ముందు శాంపిల్‌ని సగానికి పలచన చేసి చూశా, కొలిచేది హార్మోన్‌నే అయితే విలువ కూడా సగం కావాలి, కాలేదు, అక్కడే అనుమానమొచ్చింది. ఇది కాంపిటీటివ్ ఎలైజా, రంగు తగ్గితే హార్మోన్ ఎక్కువున్నట్టు లెక్క, కాబట్టి ప్లాస్మాలోని వేరే ప్రొటీన్లు యాంటీబాడీకి అడ్డుపడినా రంగు తగ్గి అంకె పెరిగిపోతుంది. సీ18 కాలమ్‌లో (హార్మోన్‌ని పట్టి ఉంచి మిగతావాటిని వదిలేసే చిన్న గొట్టం) శుభ్రం చేసి, ఆరబెట్టి, బఫర్‌లో కలిపి మళ్లీ పెడితే 4, 6 అలా వచ్చాయి! రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులు, ఐస్, చల్లటి సెంట్రిఫ్యూజ్ ముందునుంచీ వాడుతున్నా. కొంత ఆక్సిటోసిన్ కాలమ్‌లోనే పోతుంది, అందుకే తెలిసిన మోతాదు కలిపి రికవరీ (అందులో ఎంత తిరిగి వస్తోందో) కూడా చూస్తున్నా. పాత 40 శాంపిళ్ల డేటా మాత్రం పక్కన పడేశా, గైడ్‌గారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.