ఇంట్లో చేసిన చిన్న నీటి పంపును చేపలున్న అక్వేరియంలో పెట్టవచ్చునా?

వనపర్తి_డిగ్రీ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టి ఉంది. అంచుకు కొంచెం దిగువగా నింపితే దాదాపు 38 లీటర్ల నీరు పడుతుంది. అందులో గప్పీలు, రెండు మోలీలు ఉన్నాయి. పాత బొమ్మ కారులోని మోటారును మాత్రల డబ్బాలో బిగించి, ఇరుసును మూతకు పెట్టిన రంధ్రం గుండా బయటకు తీసి, దానికి ప్లాస్టిక్ రెక్కలు అతికించాను. రంధ్రం చుట్టూ గ్రీజు నింపాను. ఫోన్ ఛార్జర్‌కు కలిపితే బకెట్లో బాగానే నడిచింది. దీనిని తొట్టిలో పెట్టవచ్చునా?

దేవరకొండ_సారు:
స్వయంగా చేసినందుకు అభినందనలు. అయితే ఇరుసు తిరిగే చోట గ్రీజు ఎంత నింపినా కొన్నాళ్లకు నీరు దారి చేసుకుంటుంది. లోపల ఉండేది రాగి కమ్యుటేటర్, అంటే తిరిగే తీగచుట్టకు కరెంటు అందించే భాగం. నీరు చేరిన తరువాత కూడా విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటే ఆ రాగి కరిగి నీటిలో కలుస్తుంది. అది చేపలకు హాని, నత్తలకూ రొయ్యలకూ మరీ హాని. గ్రీజు నీటిపై పొరగా తేలితే గాలి కలవడం కూడా తగ్గుతుంది.

బజారులో దొరికే చిన్న పంపును విప్పి చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. దానిలో తీగచుట్ట రెజిన్‌లో పూర్తిగా పూడ్చి ఉంటుంది. రెక్కలకు అమర్చిన అయస్కాంతం మాత్రం నీటిలోనే తిరుగుతుంది కనుక ఇరుసుకు సీలు పెట్టవలసిన పనే ఉండదు. మీరు మోటారును గాజుకు బయట పొడిగా ఉంచి, దాని ఇరుసుకు ఒక చక్రం, లోపలి రెక్కలకు మరొక చక్రం అమర్చండి. ఒక్కొక్క చక్రానికి రెండు అయస్కాంతాలు, ఒకటి ఉత్తర ధ్రువం పైకి, రెండోది దక్షిణ ధ్రువం పైకి ఉండేలా అతికించాలి. ఒకే బిళ్లను నడిమధ్యన అతికిస్తే మోటారు తిరుగుతుంది గాని లోపలి రెక్కలు కదలవు. నియోడిమియం అయస్కాంతానికి పూత లేస్తే తుప్పు పడుతుంది. నల్లటి ఫెర్రైట్ రకమే నీటికి మేలు.

పాలమూరు_వైరింగ్:
సారు అయస్కాంతాల గురించి ఇంత రాశారు గాని, ఛార్జర్ గురించి ఒక్క మాట రాయలేదు. ఆ ఛార్జర్ తగిలించేది 230 వోల్టుల సాకెట్‌కే. చౌకరకం ఛార్జర్లలో అధిక వోల్టేజీ వైపుకూ, మనం ముట్టుకునే వైపుకూ మధ్య ఎడం చాలా తక్కువగా ఉంటుంది. నీళ్లలో చేయి పెట్టేది ఇంట్లోని పిల్లలే కదా.

మిర్యాలగూడ_గప్పీ:
గప్పీలకు ఇంత యంత్రాంగం ఎందుకు? గాలి పంపు తెచ్చి స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి, సరిపోతుంది.

దేవరకొండ_సారు:
వైరింగ్ గారూ, మోటారు బయటే ఉంటుందని రాశాను. నీటిలో తీగే లేనప్పుడు ఛార్జర్ ప్రసక్తి ఎందుకు వస్తుంది?

పాలమూరు_వైరింగ్:
ఆ అబ్బాయి అడిగింది మీరు చెప్పిన పంపు గురించి కాదు, తాను చేసిన పంపు గురించి. దానిలో తీగ నీటిలోనే ఉంది. నేను ఊహించి చెప్పడం లేదు. మా బంధువుల ఇంటి తొట్టి కోసం పట్టణంలోని ఒక దుకాణంలో అడాప్టర్ కొంటే, నీటిలో టెస్టర్ పెట్టగానే వెలిగింది. తిరిగి ఇవ్వడానికి వెళితే, వాడిన సరుకు తీసుకోమని పంపించివేశారు. ఆ రోజు నుండి తొట్టి ఉన్న ఏ ఇంటిలోనైనా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేనిదే నేను పని ఒప్పుకోవడం లేదు.

దేవరకొండ_సారు:
టెస్టర్ వెలగడానికి మిల్లీ ఆంపియరులో కొద్ది భాగం చాలు. మంచి అడాప్టర్లలో కూడా రెండు వైపుల మధ్య ఉండే చిన్న కెపాసిటర్ వల్ల అది మసకగా వెలుగుతుంది. దానినే సాక్ష్యమంటే ఇక చర్చ ఎలా సాగుతుంది?

నల్లగొండ_బోరు:
ఎవరూ నీటి గురించి మాట్లాడడం లేదు. మా బోరు నీటికి ఏ పంపైనా తెల్లటి పొర పట్టి ఆగిపోతుంది. ఇదంతా ఫ్లోరైడ్ మహిమ. పటిక వేస్తే పోతుందని విన్నాను.

మిర్యాలగూడ_గప్పీ:
అయ్యా, దయచేసి తొట్టిలో పటిక వేయకండి. ఆ తెల్లటి పొర ఫ్లోరైడ్ కాదు, కాల్షియం కార్బొనేట్. రెక్కలను నిమ్మరసంలో నానబెడితే పోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి తాగునీటి కోసం ఏర్పడినది. పటిక ఒక్కటే వేస్తే నీటి క్షారత తగ్గి ఆమ్లత పెరుగుతుంది, చేపలు తట్టుకోలేవు. గప్పీలకూ మోలీలకూ మన గట్టి నీరే నచ్చుతుంది. నల్లా నీరు పోసేవారు మాత్రం క్లోరిన్ పోయేదాకా ఆగాలి.

నల్లగొండ_బోరు:
మా ఊరి నీళ్ల గురించి మాకు ఒకరు చెప్పనవసరం లేదు.

పాలమూరు_వైరింగ్:
సారు, సూటిగా అడుగుతున్నాను. మీ బడిలో పిల్లలకు నేర్పేది కూడా ఇదేనా? టెస్టర్ వెలిగినా ఫరవాలేదనా?

దేవరకొండ_సారు:
నేను అనని మాటను నాకు అంటగట్టకండి. ఆర్‌సీసీబీ వద్దని నేను ఎక్కడా రాయలేదు. ఇంట్లో ఏదైనా చేయబోయిన ప్రతి పిల్లవాడికీ ముందుగా భయం చెప్పి, దుకాణంలో కొనుక్కోమనేవారిని ఉద్యోగంలో చేరిన నాటి నుండి చూస్తున్నాను. మా విజ్ఞాన ప్రదర్శనలో కూడా కొని తెచ్చిన నమూనాకే బహుమతి ఇచ్చారు, పిల్లలు సొంతంగా చేసినదాన్ని పక్కన పెట్టారు. చెడిపోకుండా ఎవరు నేర్చుకున్నారు చెప్పండి?

పాలమూరు_వైరింగ్:
చెడిపోనివ్వండి, నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే చెడిపోయేది బకెట్లో చెడిపోవాలి. మీ పాఠానికి ఆ చేపలు ఎందుకు చావాలి?

దేవరకొండ_సారు:
బకెట్లో పెట్టినదానిని నాలుగు రోజుల తరువాత ఎవరూ తొంగి చూడరు. తొట్టిలో ప్రాణమున్న చేప ఉంటేనే పిల్లవాడు పొద్దున లేవగానే పంపు తిరుగుతున్నదా అని చూస్తాడు. ఆ బాధ్యత వల్లనే పని కుదురుతుంది. బకెట్ ముందు ఆ శ్రద్ధ రాదు.

పాలమూరు_వైరింగ్:
ఆ శ్రద్ధ రాని పిల్లవాడి తొట్టిలో చేపల గతి ఏమిటి? ఇదే నేను మొదటి నుండి అడుగుతున్నది. ఛార్జర్ సంగతి పక్కన పెట్టినా నా మాట ఇదే.

మిర్యాలగూడ_గప్పీ:
మే నెలలో ఇంట్లో నీరు 30 డిగ్రీలు దాటినప్పుడు, అందులో నిలిచే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించదు. రాత్రి పంపు ఆగితే కిక్కిరిసిన తొట్టిలో తెల్లవారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. పొద్దున లేచి చూసే శ్రద్ధ అప్పుడు అక్కరకు రాదు. ఈ విషయంలో నేను వైరింగ్ అన్న వైపే.

వనపర్తి_డిగ్రీ:
క్షమించండి, ముందే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. తొట్టి మా చెల్లెలిది. నేను హాస్టల్‌లో ఉంటాను, ఆదివారాలే ఇంటికి వస్తాను.

పాలమూరు_వైరింగ్:
అయితే ముందు ఆ అమ్మాయిని అడుగు తమ్ముడూ.

దేవరకొండ_సారు:
రోజూ చూసేది ఆమె అయినప్పుడు, చేయడంలో ఆమెను కూడా కూర్చోబెట్టండి. నా మాటలో మార్పు లేదు.

వనపర్తి_డిగ్రీ:
అడిగాను. మాత్రల డబ్బా తొట్టిలో వద్దన్నది, గాలితో నీరు ఎక్కేది ఏదైనా చేసి ఇమ్మన్నది. అక్కా, దానికి గొట్టం ఎంత ఉండాలి?

మిర్యాలగూడ_గప్పీ:
అర అంగుళం పీవీసీ గొట్టాన్ని అడుగు నుండి నీటి మట్టం వరకు నిలబెట్టి, పైన ఒక వంపు ముక్క తగిలించండి. దాని నోరు నీటికి సమంగా ఉండాలి, పైకి లేస్తే నీరు చాలా తక్కువగా వస్తుంది. గాలి గొట్టాన్ని వీలైనంత అడుగున లోపలికి దూర్చండి. బుడగలు కలిసిన నీరు తేలికై పైకి లేస్తుంది, అడుగున ఉన్న నీరు దాని స్థానంలోకి వస్తుంది. గాలి పంపును తొట్టి కన్నా ఎత్తులో పెట్టండి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులో చేరుతుంది.

పాలమూరు_వైరింగ్:
దాని తీగను సాకెట్ కన్నా దిగువకు ఒకసారి వేలాడదీసి తగిలించండి, జారిన చుక్క అక్కడే కింద పడుతుంది.