కమిషనర్ దగ్గర క్రాస్ జరిగేటప్పుడు టైపిస్టు కోసం లాయర్ ఆగాలా?

కరీంనగర్_జూనియర్
ఒక భూమి దావాలో మా సీనియర్ గారి వెంట వెళ్తున్నాను. మాది వాది తరఫు. కోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 18 రూల్ 4 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున సాక్ష్యం నమోదు చేసే లాయర్) వేసింది. చీఫ్, అంటే సాక్షి మొదటి వాంగ్మూలం, అఫిడవిట్ రూపంలో వచ్చేసింది, ఇప్పుడు డీడబ్ల్యూ-1 (ప్రతివాది తరఫు మొదటి సాక్షి) క్రాస్, అంటే ఎదుటి లాయర్ ప్రశ్నించడం, కమిషనర్ ఆఫీసులో నడుస్తోంది. సార్ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే టైపిస్టు "సార్, ఒక్క నిమిషం" అంటూనే ఉంది. చివరికి ఆయన మానిటర్ తనవైపు తిప్పుకుని జవాబులు తానే చెప్పి టైప్ చేయించారు. అవతలి లాయర్ లేచారు, మాటా మాటా పెరిగింది, వాయిదా పడింది. పని సాఫీగా సాగాలంటే టైపిస్టుతో లాయర్ ఎలా నడుచుకోవాలి?

సివిల్‌సైడ్_గుంటూరు
మీ సీనియర్ చేసింది సరైనదే తమ్ముడూ. సాక్షి తడబడ్డాడంటే ఆ క్షణంలోనే తర్వాతి ప్రశ్న పడాలి. టైపిస్టు కోసం ఆగితే అతను ఊపిరి తీసుకుంటాడు, తన లాయర్ మొహం చూస్తాడు, జవాబు సర్దుకుంటాడు. అక్కడితో క్రాస్ చచ్చిపోయినట్టే. స్పీడు లేని టైపిస్టును పెట్టుకుంటే అది కమిషనర్ చూసుకోవాలి. ఫీజు కట్టేది మా పార్టీ.

డిపోజిషన్_రైటర్_వరంగల్
కోర్టులో సాక్ష్యాలు టైప్ చేసి రిటైరైనదాన్ని. సార్, టైప్‌రైటింగ్ హయ్యర్ పరీక్షకు స్పీడు నిమిషానికి 45 పదాలు. మీరు మాట్లాడేది అంతకు రెండింతలు, మూడింతలు ఉంటుంది. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో టైప్ చేయాల్సి వస్తే ఇంకా ఆలస్యం. ఆ అమ్మాయి ఆగమన్నది బద్ధకంతో కాదు.

జూనియర్ బాబూ, నువ్వు చేయగలిగింది ఒకటుంది. కూర్చోకముందే ఒక కాగితం మీద పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు, సర్వే నంబర్లు, ఎక్స్.ఏ-1 నుంచి దస్తావేజుల గుర్తులన్నీ రాసి ఆమె చేతికి ఇవ్వు. మన దగ్గర సర్వే నంబర్లకు 212/అ, 212/ఆ అని ఉంటాయి కదా. గదిలో ఫ్యాను తిరుగుతూ, ఇద్దరు లాయర్లు ఒకేసారి మాట్లాడుతుంటే ఆ దీర్ఘం ఎవరికి వినిపిస్తుంది? ఒక్క అక్షరం మారితే అది పక్కవాడి మడి అయిపోతుంది. కాగితం ముందుంటే చూసి కొడుతుంది.

ఇంకొకటి. సాక్షి తల ఊపితే దాన్ని టైప్ చేయలేం. "నోటితో చెప్పండి" అని ప్రశ్న అడిగిన లాయరే అనాలి.

తెనాలి_అడ్వకేట్
తల ఊపడం గురించి నూటికి నూరుపాళ్లు నిజం. "ఇక్కడ", "ఈయన" అని వేలు చూపించి చెప్పే జవాబులూ అంతే. కాగితం మీద వాటికి అర్థం ఉండదు.

సివిల్‌సైడ్_గుంటూరు
మేడమ్, 45 పదాలు అని మీరే అన్నారు. ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్ హయ్యర్ 120 పదాలు. మరి షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్లను పెట్టుకోవచ్చుగా? స్పీడు సమస్యకు స్పీడే మందు. లాయర్‌ను ఆపడం కాదు.

డిపోజిషన్_రైటర్_వరంగల్
షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటే తర్వాత దాన్ని టైప్ చేయాలి. అంతసేపు సాక్షి కూర్చుంటాడా? అప్పటికప్పుడు ప్రింటు తీసి, చదివి వినిపించి, పేజీ పేజీకీ సంతకం పెట్టించుకోవాలి. సాక్షికి ఇంగ్లీషు రాకపోతే టైప్ చేసింది అతని భాషలో చెప్పాలని ఆర్డర్ 18 రూల్ 6లోనే ఉంది. సాయంత్రం ఆరింటికి "సంతకం పెట్టు, బస్సు పోతుంది" అని తొందరపెట్టేదీ లాయర్లే.

న్యూజెర్సీ_పారాలీగల్
ఇక్కడ అమెరికాలో డిపోజిషన్లకు (కోర్టు బయట లాయర్లు సాక్షిని ప్రశ్నించే సిట్టింగులు) నేను వెళ్తుంటాను. ఆర్‌పీఆర్ అనే వృత్తి సర్టిఫికెట్ కావాలంటే కోర్ట్ రిపోర్టర్ స్టెనోటైప్ మెషీన్ మీద సాక్ష్యం నిమిషానికి 225 పదాల వేగంతో తీయగలగాలి. అంత స్పీడున్నవాళ్లు కూడా ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆపేస్తారు. ఫెడరల్ రూల్స్ ప్రకారం ఒక సాక్షికి ఒక రోజు, 7 గంటలే టైము. అయినా మంచి లాయర్లు రిపోర్టర్ ఆపితే విసుక్కోరు. ఫీజు ఎవరిచ్చినా సరే, రిపోర్టర్ ఏ పార్టీకీ బంధువు, ఉద్యోగి కాకూడదని రూల్ 28 చెబుతుంది.

సివిల్‌సైడ్_గుంటూరు
అమెరికా సంగతి మనకెందుకండీ? అక్కడ ప్రశ్న, జవాబు రెండూ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. మన దగ్గర ప్రశ్న మాయమైపోయి జవాబు ఒక్కటే కథలా వస్తుంది. ఆ కథ ఎవరు అల్లుతారు అన్నదే నా బాధ. ఒక కేసులో సాక్షి అందరి ముందూ ఒప్పుకున్న మాట డిపోజిషన్‌లోకి, అంటే సాక్ష్యం కాగితంలోకి, రాలేదు. అప్పీలులో జడ్జిగారు చూసేది కాగితమే కదా, అందులో ఆ మాట లేదు. మా క్లయింటు చిన్న రైతు, రెండెకరాలు పోయింది. అప్పటి నుంచి నా వాక్యం నేనే చెప్పి రాయిస్తాను. దాన్ని దౌర్జన్యం అంటే అనుకోండి.

డిపోజిషన్_రైటర్_వరంగల్
ఆ రైతు సంగతి వింటే బాధగానే ఉంది సార్. కానీ రెండోవైపు చూసింది నేను. ఒక లాయర్ గారు ఇలా అడిగారు: "మీరు పొలం అమ్మారు, డబ్బు తీసుకున్నారు, స్వాధీనం కూడా ఇచ్చారు, అవునా?" ముసలాయన "ఆఁ, డబ్బు తీసుకున్నా" అన్నాడు. లాయర్ గారు నా వైపు తిరిగి మూడూ ఒప్పుకున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన డబ్బు సంగతే చెప్పాడు సార్ అన్నాను. "టైపిస్టువి, టైపిస్టులా ఉండు" అని అందరి ముందూ కసిరారు. జడ్జిగారు మళ్లీ అడిగితే పెద్దాయన ఏమన్నాడో తెలుసా? స్వాధీనం ఇవ్వలేదు, ఇప్పటికీ తనే దున్నుకుంటున్నాను అన్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పొలం ఏమయ్యేది?

మీ రైతు పొలమైనా, ఆయన పొలమైనా పోయేది ఒకే రకంగా. గదిలో గట్టిగా మాట్లాడినవాళ్ల వాక్యం కాగితం మీదికి ఎక్కడం వల్ల.

హైదరాబాద్_లా_స్టూడెంట్
కేరళ కింది కోర్టుల్లో 2025 నవంబర్ నుంచి సాక్ష్యం నమోదుకు అదాలత్ ఏఐ అనే, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. మనకూ వస్తే ఈ గొడవే ఉండదు.

తెనాలి_అడ్వకేట్
మెషీన్ వచ్చినా మూడు ప్రశ్నలు కలిపి అడిగితే జవాబు దేనికో అది చెప్పలేదు తమ్ముడూ.

అందరం టైపిస్టు చుట్టూ తిరుగుతున్నాం. ఏం రాయాలో చెప్పాల్సింది కమిషనర్. మన ఊళ్లలో కమిషనర్ అంటే చాలాసార్లు అదే బార్‌లోని జూనియర్. రేపు ఆ సీనియర్ ముందే నిలబడాలి, ఆయన దగ్గరి నుంచే కేసులు రావాలి. మానిటర్ తిప్పుతుంటే "వద్దు సార్" అని ఎలా అంటాడు? ఆయన అనలేని మాటను టైపిస్టు అనాల్సి వస్తోంది. ఆ గదిలో అందరికన్నా తక్కువ డబ్బు తీసుకునేది ఆమే.

సివిల్‌సైడ్_గుంటూరు
ఇది మాత్రం ఒప్పుకుంటాను. గట్టి కమిషనర్ ఉంటే నాకు మానిటర్ ముట్టుకునే అవసరం లేదు. ముఖ్యమైన ప్రశ్నలు ఆర్డర్ 18 రూల్ 10 కింద ప్రశ్న, జవాబు రూపంలోనే తీసుకోమని అడుగుతాను. కానీ ఆయన మెత్తగా ఉంటే నేను చూస్తూ ఊరుకోను.

డిపోజిషన్_రైటర్_వరంగల్
రూల్ 10 అడగండి సార్, సంతోషం. అడిగేది కమిషనర్‌ను అడగండి. ఆమె కుర్చీ వెనక నిలబడి మాత్రం వద్దు.

కరీంనగర్_జూనియర్
మా సార్‌కు చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ పేర్లు, సర్వే నంబర్ల కాగితం రాశాను, పహాణీ (భూమి రికార్డు) పక్కన పెట్టుకుని ప్రతి అక్షరం సరిచూశాను. ఎల్లుండి టైపిస్టు పక్క కుర్చీలో కూర్చుంటాను. ఒక సందేహం: అవతలి లాయర్ మొన్న చెప్పిన అభ్యంతరం డిపోజిషన్‌లో ఎక్కడా లేదు. ఇప్పుడు ఎక్కించవచ్చా?

తెనాలి_అడ్వకేట్
కమిషనర్ అభ్యంతరాన్ని తేల్చకూడదు, రాయాలి. తేల్చేది వాదనల దశలో కోర్టు. ఎల్లుండి మొదలుపెట్టకముందే ఆ మాట కమిషనర్‌తో చెప్పు. అది అవతలివాళ్ల అభ్యంతరమే అయినా సరే చెప్పు.

సివిల్‌సైడ్_గుంటూరు
అవతలివాళ్ల పని మనమెందుకు చేయాలి? నేనైతే చెప్పను.