నిక్సీ క్లాక్‌లో ఒక అంకె వెనక ఇంకో అంకె నీడలా వెలుగుతోంది

నాలుగు ఐఎన్-12 నిక్సీ ట్యూబులతో (అంకెల ఆకారపు తీగలు వెలిగే గాజు ట్యూబులు, 5 బదులు తలకిందులైన 2 ఉంటుంది కదా, అవే) క్లాక్ కట్టాను. మల్టీప్లెక్సింగ్‌లో (ట్యూబులను ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వెలిగించే పద్ధతి) నడుస్తోంది. కాథోడ్లకు (అంకెల తీగలకు) అన్ని ట్యూబులకూ కలిపి ఒకే కే155ఐడీ1 డ్రైవర్ ఐసీ, ఒక్కో ఆనోడ్‌కు (ట్యూబు ప్లస్ వైపు) ఎంపీఎస్ఏ42, ఎంపీఎస్ఏ92 ట్రాన్సిస్టర్ల జత, సప్లై 180 వోల్టులు, ఒక్కో ట్యూబుకు 2 మిల్లీసెకన్లు.

పగలు చూస్తే ఏ లోపమూ కనిపించదు. లైటు ఆపగానే మాత్రం మూడో ట్యూబులో, నాలుగో ట్యూబు చూపించాల్సిన అంకె కూడా సన్నగా కనిపిస్తుంది. 12:47 అయితే 4 వెనకాల 7 నారింజ రంగు దారంలా మెరుస్తూ ఉంటుంది, నిమిషం మారి 48 కాగానే ఆ 7 పోయి 8 వస్తుంది. మిగతా మూడింటిలో ఈ గోల లేదు.

ట్యూబులు అటూ ఇటూ మార్చాను, నీడ మూడో స్థానంలోనే ఉండిపోయింది, అంటే ట్యూబు తప్పు కాదు. ఐసీ మార్చాను, ఆ ఆనోడ్ దగ్గరి రెండు ట్రాన్సిస్టర్లూ కొత్తవి వేశాను, తేడా లేదు. ఆనోడ్ ఆపాక కాథోడ్ మార్చేలోపు ఇచ్చే ఖాళీ సమయాన్ని 100 నుంచి 300 మైక్రోసెకన్లకు పెంచితే నీడ సగానికి తగ్గింది. 500 పెడితే దాదాపు పోయింది కానీ మొత్తం డిస్‌ప్లేనే డల్ అయిపోయింది, అది నాకు నచ్చలేదు.

ఎంపీఎస్ఏ92 బేస్, ఎమిటర్ మధ్య ఇప్పుడు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. ట్రాన్సిస్టర్ త్వరగా ఆగడానికి దాన్ని 33 కిలో ఓమ్‌లకు తగ్గిస్తే సరిపోతుందా, లేక ఆ ఒక్క స్థానంలోనే వస్తోంది కాబట్టి తప్పు ఇంకెక్కడైనా వెతకాలా?