రాతి కట్టలు తెగి రైతు గట్టు కోసుకుపోయింది. ఈ వంకను ఎక్కడి నుంచి బాగుచేయాలి?

వంకగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో మూడు నెలల కిందట వాటర్‌షెడ్ (వాగు పరీవాహక ప్రాంతం) సహాయకురాలిగా చేరాను. నేను చదివింది వృక్షశాస్త్రం. గుట్ట మీద పుట్టి, రెండు ఊళ్ల పొలాల మధ్యగా సుమారు నాలుగు కిలోమీటర్లు పారి చెరువులో కలిసే ఒక వంకను కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. వారానికి రెండుసార్లు దాని వెంట నడుస్తాను. కొత్తగా పడిన కోతలు రాసుకుంటాను, కట్టడాలు చూస్తాను, గట్ల మీద నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కపెడతాను.

నేను రాకముందు, నిరుడు వేసవిలో నీటి వేగం తగ్గించడానికి గుట్ట దిగువ పాయకు అడ్డంగా ఆరు రాతి కట్టలు కట్టారు. అక్టోబరు వానకు నాలుగు పోయాయి. రెండు చోట్ల నీరు కట్ట మీదుగా పోకుండా పక్క గట్టును కోసుకుంటూ వెళ్లింది. ఒక రైతు వేరుశనగ చేను మూల అందులో కొట్టుకుపోయింది. "మీరు ఏమీ కట్టకపోయి ఉంటే నా నేల నాకుండేది" అని ఆయన అంటున్నారు. ఆయన మాటలో తప్పు పట్టలేకపోతున్నాను. వచ్చే నెల అవే కట్టలు అక్కడే మళ్లీ కట్టాలని మా సంస్థ అనుకుంటోంది. ఎందుకు తెగాయో తెలియకుండా మళ్లీ కట్టడానికి నాకు మనసొప్పడం లేదు. తెలిసినవారు చెప్పండి.

పాత ఇంజనీరు

అమ్మా, ఆ చివరి వాక్యం చదివి సంతోషించాను. ముప్పై ఏళ్లు ఈ పనుల మీదే తిరిగాను. తెగిన చోటే అలాగే మళ్లీ కట్టి, మళ్లీ తెగడం ఎన్నోసార్లు చూశాను.

ముందు ఐదు సంగతులు చెప్పండి. ఆ పాయలోకి ఎన్ని హెక్టార్ల వాననీరు వస్తుంది? వంక అడుగు వాలు ఎంత? కట్టకూ కట్టకూ దూరం ఎంత? కట్ట పైభాగం సమంగా ఉందా, మధ్యలో దిగి ఉందా? రెండు చివరలూ గట్టులోకి ఎంత లోతు వెళ్లాయి?

వాలు కొలవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. మేస్త్రీలు వాడే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం పదిహేను మీటర్లు తీసుకోండి. సెంటీమీటర్ల గుర్తులున్న రెండు కర్రలకు చివరలు కట్టి నీరు నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. ఒకరు ఎగువన, ఒకరు దిగువన కర్రలు నిలువుగా పట్టుకోవాలి. రెండు కర్రల మీద నీటి మట్టాల తేడాయే ఆ రెండు చోట్ల మధ్య వాలు. అలా వంద మీటర్లు దిగి తేడాలు కలపండి.

వంకగట్టు

సార్, మా మేట్ (కూలీల పని చూసే) అక్కతో కలిసి నిన్న కొలిచాను. వంద మీటర్లకు నాలుగు మీటర్ల వాలు వచ్చింది. గ్రామ పటం మీద గీసి చూస్తే ఆ పాయకు నీరిచ్చే విస్తీర్ణం దాదాపు 12 హెక్టార్లు. కట్టలు మీటరు ఎత్తు, అరవై మీటర్లకు ఒకటి. పైభాగం సమంగానే ఉంది. గట్టులోకి జానెడు కూడా వెళ్లలేదు. రాళ్లు చాలావరకు కొబ్బరికాయంత ఉన్నాయి, గుండ్రటివి.

పాత ఇంజనీరు

ఇక అనుమానమే లేదు. మీ కొలతలే జవాబు చెప్పాయి.

పైభాగం సమంగా ఉండటంతోనే కీడు మొదలైంది. చెరువుకు అలుగు ఉన్నట్టే ప్రతి రాతి కట్టకూ మధ్యలో అలుగు ఉండాలి. లేకపోతే పొంగిన నీరు ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడికి వెళుతుంది. రాయి కన్నా గట్టు మట్టే మెత్తన. రైతు చేను మూల అలా పోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఆ సంగతి ఆయనతోనే చెప్పండి.

అలుగు ఎంత ఉండాలో లెక్క వేద్దాం. గంటకు 40 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. 12 హెక్టార్ల మీద అది 4,800 ఘనమీటర్లు. నాలుగో వంతు పారినా 1,200 ఘనమీటర్లు, అంటే పన్నెండు లక్షల లీటర్లు ఒక్క గంటలో ఆ సన్నని పాయలోంచి పోవాలి. సగటున సెకనుకు 330 లీటర్లు. కానీ వాన గంటంతా ఒకేలా కురవదు. మధ్యలో ఉధృతంగా కురిసే ఓ పది నిమిషాల్లో దీనికి రెండు మూడు రెట్లు వస్తుందని అనుకోవాలి. రెండున్నర మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు అలుగు వదిలితే సెకనుకు సుమారు వెయ్యి లీటర్లు దాటిపోతాయి. గట్టు తగలకుండా మధ్యలోనే పోతాయి.

రెండోది దూరం. ఎగువ కట్ట పాదం, దిగువ కట్ట అలుగు ఒకే మట్టంలో ఉండాలి. పక్కలు మీటరు ఎత్తు ఉంచి మధ్యలో 40 సెంటీమీటర్లు దించితే అలుగు ఎత్తు 60 సెంటీమీటర్లు. వంద మీటర్లకు నాలుగు మీటర్ల వాలులో 60 సెంటీమీటర్ల తేడా పదిహేను మీటర్లలోనే వచ్చేస్తుంది. మీవాళ్లు అరవై మీటర్లకు ఒకటి కట్టారు. మధ్యలో నలభై అయిదు మీటర్లు నీటికి పట్టపగ్గాల్లేవు. అంత వేగంతో వచ్చి దిగువ కట్టను గుద్దింది.

అన్ని కట్టలకు రాయి ఎక్కడిదని అడుగుతారు. పాయంతా కట్టనక్కర్లేదు. కోత ఎక్కువగా ఉన్న వంద, నూటయాభై మీటర్ల ముక్కను ఎంచుకోండి. తెగిన నాలుగు కట్టల రాయి చాలావరకు దిగువన దొరుకుతుంది. గుట్ట వాలు మీద నాటుకుని ఉన్న రాళ్లను మాత్రం పెకలించకండి, వాటి కింది మట్టి మొదటి వానకే వంకలోకి వస్తుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. పునాది పావు మీటరు తవ్వండి. రెండు చివరలూ కనీసం అర మీటరు గట్టులోకి పోవాలి. ఎగువ వైపు ఒకటికి ఒకటి, అంటే మీటరు ఎత్తుకు మీటరు అడుగు వాలు చాలు, దిగువ వైపు మాత్రం ఒకటికి రెండు, వీలైతే ఒకటికి మూడు వాలు ఇవ్వండి. పెద్ద రాళ్లు, మూలలున్నవి దిగువ ముఖానికి పేర్చండి. గుండ్రటివి లోపలికి వేయండి. అలుగు దాటిన నీరు పడేచోట రాళ్లు పరవండి. ఆ పరుపు లేకపోతే కట్ట పాదం కింద గుంట పడి, ఒక రాత్రి కట్ట మొత్తం ముందుకు ఒరుగుతుంది.

ఎర్రనేల

అన్నీ ఎందుకండీ, కింద ఒక్క సిమెంటు చెక్‌డ్యామ్ కడితే సరిపోదా? మా పక్క ఊళ్లో కట్టారు, బోర్లలో నీరు పెరిగింది.

పాత ఇంజనీరు

పెరుగుతుంది, మొదటి రెండు మూడేళ్లు. గుట్ట మీద నుంచి మట్టి దిగుతూనే ఉంటే చెక్‌డ్యామ్ పూడిక తొట్టి అవుతుంది. చెక్‌డ్యామ్ వద్దని నా మాట కాదు. అది చివర రావాలి. గుట్ట తల నుంచి మొదలుపెట్టి లోయ దాకా దిగాలన్న పద్ధతి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995లో కొత్త మార్గదర్శకాలు అమల్లోకి వచ్చినప్పుడు నేను కుర్రవాణ్ణి. నీటిపారుదల శాఖలో ఇంజనీర్-ఇన్-చీఫ్‌గా చేసిన టి. హనుమంతరావు గారు వేరే వ్యక్తి, ఇద్దరినీ ఒకరే అనుకునేవారు చాలామంది. వాననీరు, నేలలో తేమ, భూగర్భజలం, ఉపరితల జలం నాలుగింటినీ కలిపి చూడాలని టి. హనుమంతరావు గారు చెప్పిన చతుర్విధ జల ప్రక్రియ ఇప్పటికీ నా పనికి ఆధారం. వంకలోకి దిగిన నీటిని పట్టుకోవడం సులభంగా కనిపిస్తుంది. దిగకముందే నేలలో ఇంకించడమే అసలు పని.

సీతాఫలం చెట్టు

చెల్లెమ్మా, నేను రైతును, మా ఊరి వాటర్‌షెడ్ కమిటీలో ఆరేళ్లు ఉన్నాను. ఇంజనీరు గారు చెప్పిన కొలతలు సరే. గుట్ట మీద ఏముందో మీరు చెప్పలేదు.

మా గుట్ట కూడా బోడిగా ఉండేది. ఏటా వేసవిలో ఎవరో ఒకరు గడ్డికి నిప్పు పెట్టేవారు, కొత్త గడ్డి వస్తుందని. మేకలవాళ్లతో కూర్చుని గుట్టను మూడు ముక్కలు చేశాం. ఒక ముక్కలో రెండు వానాకాలాలు మేపకుండా వదిలి, మిగిలిన రెండూ వారికే ఉంచాం. మొత్తం మూసేస్తామంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కారు, వారి కడుపు కూడా నిండాలి కదా. రెండో ఏటికి సీతాఫలం, బోదగడ్డి వాటంతట అవే లేచాయి. కాంటూరు (వాలు మీద ఒకే ఎత్తులో సాగే గీత) వెంట తవ్విన కందకాల్లో కానుగ, వేప గింజలు చల్లాం. గుంటలు తీసి నాటిన మొక్కల కన్నా గింజ నుంచి వచ్చినవే ఎక్కువ నిలిచాయి.

ఆ రైతు దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్లవద్దు. ఖాళీ చేతులతో వెళ్లి, ఎక్కడ ఎంత పోయిందో ఆయననే చూపించమనండి. ఆయన చిన్నప్పుడు వంక ఎటు పారేదో అడగండి. మా దగ్గర అలా అడిగితే, ఇప్పటి పాయ అసలు పాయే కాదని, ముప్పై ఏళ్ల కిందట ఎవరో గట్టు జరిపితే అటు మళ్లిందని తెలిసింది.

నీరుగంటి మనవడు

ఒక మాట కలుపుతాను. మా తాతగారు చెరువుకు నీరుగంటి. తెలంగాణలో ఇదే పనివాణ్ణి నీరటికాడు అంటారు. తూము ఎత్తడం, దించడం మాత్రమే ఆయన పని కాదు. వానకు ముందు చెరువులోకి వచ్చే వంక వెంట నడిచి, అడ్డం పడిన కంప తీసి, ఎక్కడ గట్టు పలచబడిందో ఊరికి చెప్పేవారు. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే పని, కాబట్టి ఊళ్లోని పెద్దలకు మీ ఉద్యోగం వివరించేటప్పుడు ఆ పేరు వాడండి. వెంటనే అర్థమవుతుంది.

మీరు ఎగువన ఆపే ప్రతి చుక్కా దిగువ చెరువు వాటాలోది. చిన్న రాతి కట్టలు నీటిని నిలిపి ఉంచవు, నడక తగ్గిస్తాయి అంతే, వాటితో తగువు రాదు. పెద్ద చెక్‌డ్యామ్, ఊటకుంట అనుకున్నప్పుడు మాత్రం చెరువు కింద ఆయకట్టు రైతులను ముందే పిలిచి కూర్చోబెట్టండి. కట్టిన తర్వాత చెబితే రెండు ఊళ్ల మధ్య చిచ్చు పెట్టినట్టే.

వంకగట్టు

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇంకో రెండు అడుగుతాను. చెరువు దగ్గర వంకలో రాత్రిపూట ట్రాక్టర్లు ఇసుక తోలుతున్నాయి. నేనేం చేయాలి? రోజూ పుస్తకంలో ఏం రాస్తే తర్వాత పనికొస్తుంది?

పాత ఇంజనీరు

ట్రాక్టరుకు ఒంటరిగా అడ్డం నిలబడకండి. ఇది నా కూతురికి చెప్పినట్టే చెబుతున్నాను. పగలు వెళ్లి తవ్విన గుంటల పొడవు, లోతు కొలిచి, తేదీతో ఫొటో తీసి, గ్రామసభ తీర్మానంతో తహసీల్దారుకు ఇవ్వండి. 2002 నాటి వాల్టా చట్టం అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. దాని నిబంధనల ప్రకారం ఒకటి నుంచి మూడో శ్రేణి దాకా (వేరే పాయ ఏదీ కలవనిది ఒకటో శ్రేణి, అలాంటివి రెండు కలిస్తే రెండోది, రెండో శ్రేణివి రెండు కలిస్తే మూడోది) ఉన్న చిన్న వాగుల్లో ఇసుక ఆ పక్క ఊళ్ల సొంత అవసరాలకే. మీ వంక ఆ కోవలోదే అయి ఉంటుంది, పటం మీద పాయలు లెక్కపెట్టి ఖాయం చేసుకోండి. ఫిర్యాదు మీ పేరున కాకుండా ఊరి పేరున వెళ్లాలి.

పుస్తకంలో రాయాల్సినవి తక్కువే, కానీ మానకూడదు. వాన ఎంత పడింది, పాయలో నీరు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది. వంక పక్క నాలుగు బావులు ఎంచుకుని నెలకోసారి ఒకే తేదీన నీటి మట్టం. ప్రతి కట్ట వెనుక పూడిక ఎన్ని సెంటీమీటర్లు. ఒకే రాయి మీద నిలబడి ఒకే వైపు తీసిన ఫొటో. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల నీరు కొలిచి, ఊరంతా కూర్చుని ఆ లెక్కతో రబీ పంట నిర్ణయించుకున్నారు. అక్కడ ఊరి పొలిమేరలను పక్కనబెట్టి వాగు పరీవాహకాన్నే హద్దుగా తీసుకున్నారు. మీ అంకెలు గోడ మీద రాసిపెడితే మీ ఊళ్లలోనూ ఆ మాట మొదలవుతుంది.

సీతాఫలం చెట్టు

రాళ్లు కదిపేటప్పుడు చేత్తో కాకుండా ముందు గడ్డపారతో ఒరగదీయండి. కింద తేళ్లుంటాయి. ఎగువన మబ్బు పట్టి ఉంటే పాయలోకి దిగవద్దు, మీ నెత్తిన చినుకు లేకపోయినా నీరు వచ్చేస్తుంది.

వంకగట్టు (రెండు వారాల తర్వాత)

నమస్కారం. ఆ రైతు దగ్గరికి ఖాళీ చేతులతోనే వెళ్లాను. కట్టల్లో తప్పు ఉందని, గట్టు పోయింది అందువల్లేనని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, వంక వెంట నాతో నడిచారు. గొట్టం ఒక చివర ఆయనే పట్టుకున్నారు. నూటయాభై మీటర్ల ముక్కలో పది చోట్ల మేకులు కొట్టాం. మా సంస్థ కూడా పాత అంచనా పక్కన పెట్టి ఈ కొలతలతోనే కట్టడానికి ఒప్పుకుంది. తెగిన గట్టు పాదానికి రాళ్లు పేర్చి, పైన వావిలి కొమ్మలు, రెల్లు పిలకలు నాటాలని ఆయనే చెప్పారు. పని ఎగువ నుంచి మొదలుపెట్టాలా, దిగువ నుంచా? ఆ గట్టు మీద కంపచెట్లు చాలా ఉన్నాయి, ముందే తీసేయమంటారా?

పాత ఇంజనీరు

గుర్తులు దిగువ నుంచి ఎగువకు పెట్టాలి, పని ఎగువ నుంచి దిగువకు చేయాలి. మధ్యలో వాన వచ్చినా పైన కట్టినవి కింది పనిని కాపాడతాయి. కంపచెట్లు ఇప్పుడు వేళ్లతో సహా పెకలించకండి, కోసిన గట్టును ప్రస్తుతం అవే పట్టుకుని ఉన్నాయి. మొదలు దగ్గర నరికి, రెల్లు అంటుకున్నాక వచ్చే ఏడు తీయండి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు అలుగుల కింద పరుపులు చూసి, ఏ రాయి కదిలిందో ఇక్కడ రాయండి.